మేజోడు కొసన ముడి

కాసులమ్మ ముఖం చూస్తే యాభై దాటిన మనిషిలా ఉంటుంది. చేతులు చూస్తే ఇంకో ఇరవై ఏళ్లు కలుపుకోవాల్సిందే. ఉప్పునీళ్లలో నాని, చేపముళ్లు గుచ్చుకుని, వలదారం కోసుకుని వేళ్లన్నీ కాయలు కాచిపోయాయి. పెదజాలారిపేటలో ఆ చేతుల పనితనం ఎరగనివాళ్లు లేరు. ఆ చేతులే కూతురి బిడ్డకి ఏం తెచ్చిపెట్టాయో కూడా ఇప్పుడు పేటంతటికీ తెలుసు. కుళాయి దగ్గర తలో మాటా అంటారు. దిష్టి అని ఒకరు, కొత్తదారం దోషమని ఇంకొకరు, కాసులమ్మకి కళ్లు నెత్తికెక్కాయని మరొకరు. నోళ్లకేం, ఎన్నైనా అంటాయి. అసలు సంగతి ఒక ముడి. అదీ చాలా మంచి ముడి, చిన్నప్పుడు తండ్రి నేర్పింది.

ఆ తండ్రి పేరు సింహాద్రి. మగపిల్లలు లేరు. ఉన్న ఒక్క కూతుర్నే అరుగు మీద కూర్చోబెట్టుకుని వల అల్లడం నేర్పాడు. పేటలో ఆడవాళ్లు చేపలమ్ముతారు గాని వల పట్టుకునేది తక్కువ. కాసులమ్మ మాత్రం లంగా కట్టే వయసులోనే వెదురు సూదితో మగపిల్లల్ని మించి అల్లేది. ఒకసారి, పది పన్నెండేళ్లప్పుడు, ఆటల మీద ధ్యాసుండి ఒకచోట ముడి వదులుగా వేసింది. సముద్రంలో ఆ ముడి జారింది. పక్కనున్న వలకన్ను తెగింది, దాని పక్కది తెగింది, వల బారెడు చీలి చేపంతా నీళ్లపాలైంది. సింహాద్రి కొట్టలేదు, తిట్టలేదు. వల తెచ్చి ఆమె ముందు పడేసి, ఆ ముడి ఎక్కడ జారిందో వెతికి చూపించే దాకా తను అన్నం ముట్టనన్నాడు. ఆ పిల్ల ఏడుస్తూ సాయంత్రం దాకా వెతికింది. ఆ రోజునుంచి ముడి వేస్తే పళ్లతో పట్టి లాగి చూసుకోకుండా వదలడం కాసులమ్మ వల్ల కాదు. కోక కొంగున చిల్లర కట్టుకున్నా అంతే, పంటితో ఒక లాగు లాగాల్సిందే. పెళ్లయ్యాక మొగుడు పోలిరాజు దాని మీద ఎన్ని వేళాకోళాలాడాడో లెక్క లేదు.

కూతురు దేవిశ్రీ డిగ్రీ చదివింది. గణేష్‌కిచ్చి చేశారు. గణేష్ ఫిషింగ్ హార్బర్ నుంచి పెద్ద బోటు మీద వెళ్తాడు, వెళ్తే వారాలకి వారాలు రాడు. మొదటి కానుపు అయిదో నెలలోనే పోయింది. రెండోసారి కడుపు నిలిచిందని తెలిసిన దగ్గర్నుంచీ దేవిశ్రీ మెట్లెక్కలేదు, బిందె ఎత్తలేదు, గట్టిగా నవ్వలేదు కూడా. అయినా పిల్ల ఆగలేదు. నెలలు నిండకుండానే పుట్టేసింది. రెండు అరచేతులు కలిపి పడితే అందులో పట్టేంత పిల్ల. పెద్దాసుపత్రిలో గాజుపెట్టెలో చాన్నాళ్లు పెట్టి, డిసెంబరు చివర్లో ఇంటికి పంపించారు.

పంపించేటప్పుడు నర్సమ్మ దేవిశ్రీ చెయ్యి పట్టుకుని చెప్పింది. "తలా కాళ్లూ ఎప్పుడూ కప్పే ఉండాలమ్మా. చల్లబడిందంటే పిల్ల పాలు లాగదు. పాలు లాగకపోతే బరువు పెరగదు. మళ్లీ పెట్టెలోకే."

ఆ మాట దేవిశ్రీ గుండెల్లో మేకులా దిగింది. పుట్టింట్లో మంచం మీద కూర్చుని నిమిషానికోసారి పిల్ల పాదాలు తడిమేది. పేట సముద్రం ఒడ్డునే ఉంది. పొద్దున్నే ఒడ్డు గాలి తలుపు సందుల్లోంచి ఈలవేస్తూ దూరుతుంది. బజార్లో కొన్న సాక్సులు ఆ పిల్ల కాలికి సంచుల్లా ఉన్నాయి, ఒక్క తన్ను తంతే ఊడి అవతల పడేవి. ఊడినప్పుడల్లా దేవిశ్రీ ఉలిక్కిపడేది.

"అమ్మా, కాలు మళ్లీ సల్లగైపోనాది," అనేది. ఆ గొంతు వింటే కాసులమ్మ చేతిలో పని వదిలేసి వచ్చేది. మొదటి బిడ్డ పోయినప్పుడు కూడా దేవిశ్రీ గొంతు అలాగే ఉంది, ఏడుపు లేకుండా, ఎండిపోయి.

ఎంవీపీ కాలనీలో కాసులమ్మ వాడుకగా చేపలిచ్చే ఇళ్లలో ఆదిలక్ష్మమ్మగారిల్లు ఒకటి. భర్త నీలకంఠంగారు స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యారు. పెళ్లైన కొత్తలో భిలాయిలో ఉన్నారట, అక్కడి చలికి ఆవిడ ఉన్ని అల్లడం నేర్చుకుంది. విశాఖపట్నంలో స్వెటరు వేసుకునేంత చలి ఎక్కడేడ్చింది? అయినా ఆవిడకి ఆ అలవాటు పోలేదు. వరండాలో కూర్చుని రెండు సూదులూ ఆడిస్తూ ఎవరో ఒకరి పిల్లలకి ఏదో ఒకటి అల్లుతూనే ఉంటుంది. ఆ పొద్దున కాసులమ్మ చేప పొలుసు తీస్తూ తలెత్తి చూస్తే ఆవిడ ఒళ్లో బొటనవేలంత పసుపుపచ్చ మేజోడుంది.

కాసులమ్మ కత్తి పక్కన పెట్టేసింది. "అమ్మగారూ, అది ఎంత పిల్లకి?"

"మా మేనకోడలి కూతురికి. పుట్టి పది రోజులైంది," అంది ఆదిలక్ష్మమ్మ. మనవరాలి సంగతి విన్నాక, "అయ్యో, ముందే చెప్పొద్దటే? రేపటికి ఒక జత అల్లి ఇస్తాను, పట్టుకుపో," అంది.

అక్కడితో సరేనంటే ఈ కథ లేదు. కాసులమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఒద్దమ్మా. నాకు నేర్పండి సాలు. నా గుంటకి నానే అల్లుకుంతాను. వల అల్లినదాన్ని, నాకిదో లెక్కేటి?"

ఆదిలక్ష్మమ్మ నవ్వి, పాత సూదులు రెండూ మిగిలిన పసుపు ఉన్ని ఉండా తెచ్చి ఇచ్చింది. చేపలమ్ముకోవడం అయిపోయాక రోజూ కాసేపు ఆ వరండాలో పాఠం. మొదటి రోజు చూస్తే నీలకంఠంగారు కూడా పేపరు దించి నవ్వాపుకోలేకపోయారు. వల సూదైతే కాసులమ్మ వేళ్ల మధ్య చేపపిల్లలా ఈదుతుంది. ఈ రెండు సూదులూ మాత్రం ఒకటి ఇటంటే ఒకటి అటంది. కుట్లు సూది మీదకి ఎక్కించిందిగాని, ఎంత బిగించి లాగిందంటే రెండో సూది దూరడానికి సందు లేదు. తోసి తోసి చెమటలు పట్టాయి.

"అంత బిగించకే. ఉన్నికి ఊపిరాడాలి. వదులుగా పట్టుకో," అంది ఆదిలక్ష్మమ్మ. ముందునుంచి కుట్టులోకి సూది ఎలా దూర్చాలో, దాని మీద ఉన్ని ఎలా చుట్టాలో, ఆ ఉన్నిని కుట్టులోంచి ఇవతలికి లాగి పాత కుట్టుని ఎలా జార్చెయ్యాలో చెయ్యి పట్టుకుని చూపించింది. రెండు రోజుల్లో కాసులమ్మకి ఆ నడక పట్టుబడింది. ఒక వరస అయింది, తిప్పి రెండో వరస మొదలుపెట్టింది. నాలుగు వరసలయ్యేసరికి ఆమెకి ఒక సంగతి తట్టి చేతులాగిపోయాయి.

"అమ్మగారూ, ముడి ఎక్కడెయ్యాలి?"

"ముడేమిటి? మొదట్లో వేశావు కదా, అదొక్కటే. ఇంక ముడి లేదు."

"ముడి నేకుండా ఎలగ నిలబడతాదమ్మా?"

"ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడుతుంది. తప్పు పోయినా భయం లేదు, చూడు." ఆదిలక్ష్మమ్మ ఆ అల్లికలోంచి సూది ఊడబెరికి ఉన్ని కొస పట్టుకుని లాగింది. అంతసేపూ కళ్లు చికిలించుకుని అల్లిన నాలుగు వరసలూ చరచరా విడిపోయి ఒళ్లో పడ్డాయి. "అంతే. మళ్లీ ఉన్నే. మళ్లీ అల్లుకోవచ్చు."

ఆవిడ ధైర్యం చెబుదామని చేసింది. కాసులమ్మకి మాత్రం చీలిన వల, అన్నం ముట్టకుండా కూర్చున్న తండ్రి కళ్ల ముందుకొచ్చారు. ఒక్క కొస లాగితే మొత్తం పోయేదాన్ని నమ్మి పసిదాని కాలికి తొడగడమా? అయినా ఆవిడ చెప్పినట్టే మళ్లీ అల్లింది. చిన్న నలుచదరపు ముక్క అల్లి, మడిచి, పక్కన కుట్టి, వేళ్ల వైపు మిగిలిన కుట్లన్నిటిలోంచీ ఉన్ని దూర్చి సంచి మూతిలా దగ్గరికి లాగితే మేజోడు. ఆ లాగడం దగ్గర ఆదిలక్ష్మమ్మ రెండుసార్లు చెప్పింది.

"ఈ కొసని ఉన్నితోనే ముగించి, అల్లికలోకే దూర్చి కలిపెయ్యి. లోపల దారం ఏదీ వేలాడకూడదు. పసిపిల్లల వేళ్లు చుట్టుకుంటాయి. విన్నావా?"

"ఇన్నానమ్మా," అంది కాసులమ్మ. విన్నది. అదే పాపం, బాగానే విన్నది.

ఆ వారంలోనే వియ్యపురాలు చిట్టమ్మ మనవరాల్ని చూడడానికొచ్చింది. గణేష్ తల్లి. మనిషి మంచిదేగాని పట్టింపులెక్కువ. మంచం మీద సూదులూ పసుపు ఉన్నీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏటొదినా ఇది? గుంటకి ఇంకా నెలలు నిండనేదు. డాక్టరు సెప్పిన కానుపు రోజు దాటేదాకా పాతగుడ్డే కట్టాల. నిండే దాకా అది కడుపులో ఉన్నట్టే లెక్క. కడుపులో ఉన్న పిల్లకి కొత్తదారం ఎవులైనా అల్లతారేటి?"

పుట్టబోయే బిడ్డకి ముందుగా ఏదీ సిద్ధం చెయ్యకూడదని పేటలో అందరికీ ఉన్న భయమే. దేవిశ్రీ పాలిపోయింది. మొదటి కడుపప్పుడు ముచ్చటపడి పుట్టబోయే బిడ్డకి ఒక గౌను కొని పెట్టుకుంది. అది ఇప్పటికీ పెట్టె అడుగున ఉంది.

"సల్లబడిపోతే మల్లా పెట్టెలో ఎడతారంట ఒదినా," అంది కాసులమ్మ. "దోషం నాకు తగలనీ. కాళ్లు మాత్రం ఎచ్చగుండాల."

చిట్టమ్మ వెళ్లేటప్పుడు ఆ ఉన్ని వంక, చెప్పులిప్పిన చోట పాముని చూసినట్టు చూసి వెళ్లింది.

జత పూర్తయిన మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ మెలకువగా లేరు. తల్లీపిల్లా నిద్రపోతున్నారు, పోలిరాజు అరుగు మీద కునుకు తీస్తున్నాడు. కాసులమ్మ మేజోట్లో వేలు పెట్టి కొసని మెల్లగా లాగి చూసింది. ఉన్ని కాస్త సాగింది. ఇంకాస్త లాగింది, ఇంకాస్త సాగింది. సాగడం ఉన్ని స్వభావం. ఆమెకది జారడంలా కనబడింది. చూరుకి పోలిరాజు కొత్త వల వేలాడుతోంది. దానికి మిగిలిన నైలాన్ దారం, నీళ్లలో వేస్తే కంటికి కనబడనంత సన్నది, కండె మీద ఉంది.

ఆవిడ వద్దన్నది వేలాడే దారాన్ని కదా, అనుకుంది కాసులమ్మ. నాది బిగించి కట్టే దారం. మేజోడు తిరగేసి, వేళ్ల వైపు లోపల చుట్టూ ఆ నైలాన్ దారం దూర్చి, దగ్గరికి లాగి, తండ్రి నేర్పిన ముడి వేసింది. ఆ ముడి గొప్పతనం ఏమిటంటే, లాగినకొద్దీ ముందుకి జరిగి బిగుస్తుంది, వెనక్కి మాత్రం రాదు. పళ్లతో పట్టి లాగి చూసుకుంది. రెండోదానికీ అలాగే వేసింది. తిరగేసి చూస్తే బయటికి ఏమీ తెలియడంలేదు. అప్పుడుగాని ఆమె మనసు కుదుటపడలేదు.

సాయంత్రం దేవిశ్రీ పిల్ల కాళ్లకి ఆ పసుపు మేజోళ్లు తొడిగి ఫోటో తీసి ఆదిలక్ష్మమ్మకి వాట్సాప్‌లో పంపించింది. ఆవిడ వెంటనే ఫోన్ చేసింది. మురిసిపోయింది. "మొదటిసారికే ఇంత బాగా ఎవరికీ రాదే కాసులమ్మా," అని, "కొసన ఉన్నితోనే ముగించావు కదూ?" అని అడిగింది.

"ఉన్నితోనేనమ్మా," అంది కాసులమ్మ. ఎందుకొచ్చిన వాదన అనుకుంది, అంతే. ఆ అబద్ధం నోరు దాటేటప్పుడు ఆమెకి బరువుగా కూడా అనిపించలేదు.

నాలుగు రోజులు ఇల్లంతా పండగలా ఉంది. మేజోళ్లు ఊడలేదు. పాదాలు వెచ్చగా ఉన్నాయి. పిల్ల పాలు బాగా లాగుతోంది, బుగ్గల్లో ఎర్రదనం వచ్చింది. దేవిశ్రీ మొదటిసారి పిల్లని పక్కలో పెట్టుకుని గంటసేపు ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. కాసులమ్మ చేపల బేసిన్ నెత్తిన పెట్టుకుని వీధివీధికీ ఆ కబురు మోసింది. వినేవాళ్లకి విసుగు పుట్టింది గాని ఆమెకి పుట్టలేదు.

అయిదో రోజు పొద్దెక్కాక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

మామూలు ఏడుపు కాదది. ఉండుండి ఒక్కసారి కెవ్వుమని, ఊపిరి బిగబట్టి, నల్లబడి, మళ్లీ కెవ్వుమనేది. పాలిస్తే నోరు తిప్పేసుకుంది. కడుపునొప్పేమోనని వాము నీళ్లతో తడిపిన గుడ్డ పొట్ట మీద వేశారు. తగ్గలేదు. ఏడుస్తూ కాళ్లు తన్నుకుంటోంది. తన్నినప్పుడల్లా ఎవరో ఒకరు, కాలు చల్లబడిపోతుందని, మేజోడు పైకి లాగేవారు. దేవిశ్రీ లాగింది. పోలిరాజు లాగాడు. కాసులమ్మ ఎన్నిసార్లు లాగిందో ఆమెకే తెలీదు.

కబురందుకుని చిట్టమ్మ పరిగెత్తుకొచ్చింది. "సెప్తే ఇన్నారు కాదు," అని ఒక్క మాటే అని, ఉప్పూ మిరపకాయలూ గుప్పెట్లో పట్టుకుని దిష్టి తీసి పొయ్యిలో వేసింది. మిరపకాయలు ఘాటెక్కలేదు. దిష్టి ఘోరంగా తగిలిందని తేల్చి, మణికట్టుకి నల్లదారం కట్టింది. ఒక దారం కనబడకుండా కోస్తుంటే, దానికి మందుగా ఇంకో దారం. అప్పుడక్కడున్న నలుగురిలో ఒక్కరికీ పిల్ల కాలు విప్పి చూడాలని తోచలేదు. ఎలా తోస్తుంది? కాళ్లు కప్పే ఉంచాలన్నదే కదా ఆ ఇంట్లో అందరూ పట్టుకుని వేలాడుతున్న మాట.

దేవిశ్రీ ఆసుపత్రి నర్సమ్మకి ఫోన్ చేసింది. ఒళ్లు వేడిగా ఉందా, వాంతులా, కాళ్లు చల్లగా ఉన్నాయా అని ఆమె అడిగింది. దేవిశ్రీ మేజోళ్ల మీదనుంచే పాదాలు పట్టుకుని చూసింది.

"లేదు మేడం. ఎచ్చగానే ఉన్నాయి. ఎడం కాలు ఇంకా ఎచ్చగుంది."

పొద్దున్న తీసుకురమ్మంది నర్సమ్మ. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ కన్ను మూయలేదు. తెల్లారేసరికి పిల్ల ఏడుపు కూడా నీరసించిపోయి, పిల్లికూన మూలుగులా మిగిలింది. ఆ మూలుగు అంతకుముందు ఏడుపు కంటే భయంగా ఉంది.

పోలిరాజు చీకట్లోనే వేటకి వెళ్లి తిరిగొచ్చాడు. వల నిండా కవళ్ల చేపలు పడ్డాయి. పిల్ల ఎలా ఉన్నా వల ఖాళీ చెయ్యక తప్పదు, ఎండెక్కితే చేప పాడైపోతుంది. "ఆటో ఒచ్చేలోగా ఒచ్చేత్తాను," అని కాసులమ్మ ఒడ్డుకి దిగింది. మొగుడికి ఎదురుగా ఇసకలో కూర్చుని వల ఒళ్లోకి లాక్కుని ఒక్కో చేపనీ విడిపించి గంపలో వేస్తోంది. చేతులు వాటంతటవే ఆడుతున్నాయి. మనసు ఇంట్లో ఉంది.

ఒక చేప ఇంకా బతికే ఉంది. మొప్పల దగ్గర దారం పడింది. ఆమె పట్టుకోబోతే తన్నుకుంది. తన్నుకున్నకొద్దీ దారం లోపలికి దిగింది. ఇంకోసారి తన్నుకుంది, ఇంకాస్త దిగింది. తలవైపు ఉబ్బి నల్లబడింది. దారం కనబడడంలేదు, అది కోసిన గీత మాత్రమే కనబడుతోంది.

కాసులమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

"ఏటే? ఏటైంది?" అన్నాడు పోలిరాజు.

ఆమె ఒళ్లో వల విసిరికొట్టి లేచింది. కాళ్లకి దారం చుట్టుకుని పడబోయి, నిలదొక్కుకుని, ఇసకలో ఇంటివైపు పరిగెత్తింది. ఆ వయసులో ఆమె పరిగెత్తడం పేట ఎప్పుడూ చూడలేదు. దారిలో ఎవరో పలకరించారు. ఆమెకి వినబడలేదు. ఎన్నిసార్లు లాగాను, నాయనా, ఎన్నిసార్లు లాగాను అనుకుంటూనే గుమ్మంలోకొచ్చింది.

ఆసుపత్రికి బయల్దేరదీస్తూ దేవిశ్రీ పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని, అప్పుడే ఎడం కాలి మేజోడు పైకి సర్దబోతోంది.

"లాగొద్దు!" అని అరిచింది కాసులమ్మ. ఆ అరుపుకి దేవిశ్రీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "లాగకే తల్లీ, లాగితే ఇంకా దిగిపోతాది. కత్తెరతో కోసీయాల."

చీలమండ దగ్గర్నుంచి మెల్లగా ఉన్ని కత్తిరించారు. ఉన్ని పాపం ఎక్కడికక్కడ విడిపోయింది. పాదం బయటపడింది. బొటనవేలి పక్క వేలు నేరేడు పండులా ఉబ్బి, నల్లబడి మెరుస్తోంది. దాని మొదట్లో సన్నటి గీత. సాగిన ఉన్నిలోంచి వేలు ఆ దారం ఉచ్చులో దూరింది, మేజోడు పైకి లాగినప్పుడల్లా ఉచ్చు బిగిసింది. దారం మాంసంలో మునిగిపోయి కంటికి ఆనడంలేదు. మేజోడు కొస ముక్క ఆ వేలికే అంటుకుని వేలాడుతోంది.

దేవిశ్రీ ఆ వేలి వంక చూసింది, తల్లి వంక చూసింది. "ఏటమ్మా అది? ఏటుంది అందులో?"

"మీ నాన్న వలదారం," అంది కాసులమ్మ. "ఊడిపోతాదని నానే కట్టినాను."

ఆసుపత్రి దాకా ఆటోలో దేవిశ్రీ పిల్లని గుండెకి అదుముకుని, తల్లికి ఎడంగా, ఆటో అంచుకి జరిగి కూర్చుంది. కాసులమ్మ చేతులకి చేప పొలుసు అలాగే ఉంది. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టి కూర్చుంది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పిల్ల కాలిని దీపం కిందకి జరిపి, భూతద్దంలో చూస్తూ సన్నటి బ్లేడుతో చాలాసేపు కష్టపడింది. కోస్తే వేలు తెగేలా ఉంది, కొయ్యకపోతే వేలు పోయేలా ఉంది. చివరికి నెత్తురు అంటిన దారం ముక్కని పట్టకారుతో పైకెత్తింది. ముడి ముడిలాగే ఉంది, రవ్వంత కూడా సడలలేదు.

"ఎవరు కట్టారిది?"

"నానేనమ్మా," అంది కాసులమ్మ.

డాక్టరమ్మ కసురుకుంటే బాగుండునని ఆమెకి ఎంతగానో అనిపించింది. ఆవిడ కసురుకోలేదు. "ఇంకో పూట ఆలస్యమైతే వేలు తీసెయ్యాల్సి వచ్చేది. ఇప్పుడైనా నేను మాటివ్వలేను. రక్తం తిరుగుతుందేమో చూడాలి," అంది.

వరండాలో కూర్చున్న చిట్టమ్మ ఇది కొత్తదారం దోషమేనని వచ్చేపోయేవాళ్లకి చెబుతూనే ఉంది. కాసులమ్మ కాదనలేదు. దోషమే అయితే ఎంత హాయి, దేవుడి మీదో దిష్టి మీదో తోసేసి గుండెలు బాదుకుని ఏడవొచ్చు. ఆమెకి ఆ వీలు లేదు. ఆ ముడి ఎవరిదో ఆమెకి తెలుసు.

వేలు నిలిచింది. నలుపు మెల్లగా దిగి, ఎరుపు ఎక్కింది. కొసన మాత్రం ఆవగింజంత ముక్క ఎండి రాలిపోయింది. అక్కడ గోరు రాదన్నారు. వేలి మొదట్లో ఉంగరం తొడిగినట్టు ఒక గీత ఉండిపోయింది.

మళ్లీ చేపలకి వెళ్లిన రోజున కాసులమ్మ ఎంవీపీ కాలనీలో వరండా మెట్ల మీదే నిలబడి చెప్పేసింది. "మీకు అబద్ధం సెప్పేనమ్మా. ఉన్నితో కట్టనేదు." ఆదిలక్ష్మమ్మ అంతా వింది. చేతిలో సూదులు పక్కనపెట్టి, "మేజోడు తెప్పించి నేను తిప్పి చూడాల్సింది," అంది. కాసులమ్మ అక్కడున్నంతసేపూ ఆవిడ మళ్లీ ఆ సూదులు ముట్టుకోలేదు.

ఇంట్లో దేవిశ్రీ తల్లితో మాట్లాడుతూనే ఉంది. అన్నం తిన్నావా అంటే తిన్నానంటుంది, నీళ్లు కావాలంటే ఇస్తుంది. పిల్లని మాత్రం ఇవ్వదు. స్నానానికి వెళ్లాలన్నా చిట్టమ్మ వచ్చేదాకా కూర్చుంటుంది. కాసులమ్మ దగ్గరికొస్తే పిల్ల కాళ్ల మీద గుడ్డ సర్దుతుంది. కాసులమ్మ అది చూసి గడప దగ్గరే ఆగిపోయేది. ఆ బిడ్డ చల్లబడిపోతుందన్న భయం కంటే పెద్ద భయం ఒకటి ఆ ఇంట్లోకి వచ్చి కూర్చుంది, దానికి కాసులమ్మ రూపం ఉంది.

ఒక మధ్యాహ్నం దేవిశ్రీ కుడికాలి మేజోడు తెచ్చి తల్లి ముందు పెట్టింది. ఆ కాలికి ఏమీ కాలేదు, ఆ మేజోడు చెక్కుచెదరకుండా ఉంది.

"ఇది ఇప్పు," అంది.

కాసులమ్మ ఉన్ని కొస వెతికి పట్టుకుని లాగింది. ఆదిలక్ష్మమ్మ వరండాలో విడిపోయినట్టే వరస తర్వాత వరస చరచరా విడిపోయింది. ఎక్కడా అడ్డం పడలేదు. వేళ్ల దగ్గరికొచ్చేసరికి ఆగింది. ఇంక రాలేదు. నైలాన్ దారం పట్టుకుని వదల్లేదు. గోళ్లతో విప్పబోయింది. పంటితో పట్టింది. సింహాద్రి నేర్పిన ముడి అది, ఎలా వస్తుంది? దేవిశ్రీ కత్తెర అందించింది. కాసులమ్మ ముడి కత్తిరించింది. ముక్కలు అరచేతిలోకి ఏరి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని పొయ్యిలో వేసింది.

అయ్యేదాకా దేవిశ్రీ కళ్లార్పకుండా చూసింది. తర్వాత పిల్లనెత్తుకుని తల్లి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"సేతులు సూపించు."

కాసులమ్మ చేతులు చాపింది. దేవిశ్రీ వాటిని వెలుతురుకి తిప్పింది. వేళ్ల సందుల్లో చూసింది, గోళ్ల కింద చూసింది, గాజుల చుట్టూ తడిమింది. ఎక్కడైనా ఒక దారప్పోగు అంటుకుని ఉందేమోనని. ఏమీ లేదని నమ్మకం కుదిరాక పిల్లని ఆ చేతుల్లో పెట్టింది.

"అన్నం తినొత్తాను. పట్టుకో."

ఆ పిల్లకి ఇప్పుడు మాటలొస్తున్నాయి. అమ్మమ్మ ఎత్తుకోబోతే దేవిశ్రీ ముందుగా ఆ చేతులు చూస్తుంది. అది చూసి చూసి ఈ పిల్ల కూడా నేర్చుకుంది. కాసులమ్మ దగ్గరికి రాగానే ఆమె చేతులు తనే తిప్పి, వేళ్ల సందుల్లోకి తొంగి చూసి, ఆ తర్వాతే ఎత్తుకోమంటుంది. కాసులమ్మ అంతసేపూ చేతులు చాచి నిలబడుతుంది.